తూకం చూపని లోటు
మధుమేహంలో కండరక్షయం, స్థూలకాయం, గుండెజబ్బు: యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం

ప్రస్తావన

యల్లాప్రగడ సుబ్బారావు పేరు వినగానే తెలుగు పాఠకులకు ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు, కేన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ స్ఫురిస్తాయి గానీ, ఆయన శాస్త్రజీవితంలో తొలి పెద్ద ఫలితాలు దొరికింది కండరంలో. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలకు చేరిన ఆయన, సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతిని కండరానికి వర్తింపజేసినప్పుడు 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ అని పిలిచే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ బయటపడ్డాయి. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు. కండరం ముడుచుకోవడానికి కావలసిన శక్తి ఏ రూపంలో నిలవ ఉంటుందో, ఏ రూపంలో ఖర్చవుతుందో తెలియడానికి ఈ రెండు పదార్థాలే ఆధారమయ్యాయి.

అటువంటి శాస్త్రజ్ఞుని స్మృతికి అంకితమైన ప్రసంగానికి కండరాన్ని విషయంగా ఎంచుకోవడం మర్యాద కోసం మాత్రమే కాదు. మధుమేహం వచ్చిన మనిషికి రక్తంలో చక్కెర ఎంత ఉందో, కొలెస్టరాల్ ఎంత ఉందో, రక్తపోటు ఎంత ఉందో, బరువు ఎంత ఉందో నేటి వైద్యం క్రమం తప్పకుండా చూస్తుంది. కండరం ఎంత మిగిలిందో, అందులో బలం ఎంత ఉందో మాత్రం సాధారణంగా చూడదు. కొవ్వు పెరుగుతూ కండరం తరుగుతున్నప్పుడు ఒకటి రెండోదాన్ని కప్పేస్తుంది కాబట్టి బరువు స్థిరంగా కనిపిస్తుంది, ఆ స్థిరత్వాన్ని ఆరోగ్యమని రోగీ వైద్యుడూ ఇద్దరూ భావిస్తారు. మధుమేహ రోగి గుండెను కాపాడదలచిన చికిత్సకు బరువు తగ్గించడం ఒక్కటే లక్ష్యం కారాదనీ, కొవ్వును తగ్గిస్తూ కండరబలాన్ని నిలపడం దాని లక్ష్యం కావాలనీ ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తుంది.

చక్కెర చేరే చోటు

ఆరోగ్యవంతుడైన వయోజనుని శరీర బరువులో సుమారు 40 శాతం అస్థికండరాలది, అంటే ఎముకలను పట్టి ఉండి మనిషిని కదిలించే కండరాలది. నిలబెట్టడం, నడిపించడం వీటి పని అని అందరికీ తెలిసినా, రక్తంలోని గ్లూకోజును స్వీకరించే ప్రధాన స్థానం కూడా ఇవేనన్న సంగతికి అంత ప్రచారం లేదు. ఇన్సులిన్‌ను సిరలోకి ఒకే వేగంతో ఎక్కిస్తూ, రక్తంలో చక్కెర మారకుండా ఉండేందుకు ఎంత గ్లూకోజు ఇవ్వవలసి వస్తుందో కొలిచే పరీక్షా పద్ధతితో రాల్ఫ్ డిఫ్రాంజో, ఆయన సహచరులు చేసిన అధ్యయనాల్లో, ఆ స్థితిలో శరీరం వాడుకునే గ్లూకోజులో అత్యధిక భాగం కండరాల్లోకే వెళ్తున్నట్లు తేలింది. మామూలు భోజనం తరువాత కాలేయం కూడా చెప్పుకోదగిన వాటా తీసుకుంటుంది. అయినా గ్లూకోజును గ్లైకోజెన్ అనే పిండిపదార్థంగా మార్చి దాచుకునే శక్తిలో కాలేయానికి సుమారు 100 గ్రాములు దక్కితే, కండరాలన్నిటికీ కలిపి సుమారు 400 గ్రాములు దక్కుతాయి. పంట ఎంత పండినా గాదె చిన్నదైతే మిగిలిన ధాన్యాన్ని వసారాలో కుప్ప పోయవలసి వచ్చినట్లే, కండరం తరిగిన శరీరంలో ఆహారం నుంచి వచ్చిన శక్తి తన చోటు కాని చోట, ముఖ్యంగా కాలేయంలో కొవ్వుగా మారి పేరుకుంటుంది.

కండర కణంలోకి గ్లూకోజు ప్రవేశించడానికి గ్లూట్4 అనే వాహక ప్రొటీను కణం లోపలి నుంచి దాని పొరమీదికి రావాలి. ఇన్సులిన్ ఇచ్చే సంకేతంతో అది పైకి వస్తుంది. ఇన్సులిన్ ప్రమేయం లేకుండా, కండరం పనిచేసి ముడుచుకున్నప్పుడు పుట్టే వేరొక సంకేతంతో కూడా వస్తుంది. రెండో రకం మధుమేహంలో మొదటి మార్గం మొద్దుబారుతుంది, దాన్నే ఇన్సులిన్ నిరోధకత అంటారు. రెండో మార్గం మాత్రం చాలావరకు చెక్కుచెదరకుండా మిగులుతుంది. వ్యాయామం చేసిన తరువాత కొన్ని గంటలపాటు, ఒక్కోసారి రోజుకు పైగా, కండరం ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందిస్తుందని కూడా స్థిరపడింది. కాబట్టి మధుమేహంలో కండరం దెబ్బతినే అవయవం మాత్రమే కాదు, చికిత్సకు ఇంకా లొంగే అవయవం కూడా.

కండరం తరిగే తీరు

వయసుతో కండరం తరగడాన్ని వార్ధక్యంలో సహజమని వదిలేయకుండా ఒక రుగ్మతగా గుర్తించాలంటూ 1989లో అమెరికన్ పోషకాహార శాస్త్రజ్ఞుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ దానికి సార్కోపీనియా అని పేరు పెట్టారు. తెలుగులో దీన్ని కండరక్షయం అనవచ్చు. తొలి రోజుల్లో కండర పరిమాణం తగ్గడమే దీని లక్షణంగా భావించారు. యూరప్ నిపుణుల బృందం 2010లో ఇచ్చిన నిర్వచనాన్ని 2018లో సవరించుకుని, బలం తగ్గడానికే మొదటి స్థానం ఇచ్చింది. ఈ మార్పుకు బలమైన కారణం ఉంది: పిట్స్‌బర్గ్, మెంఫిస్ నగరాల్లో 70 నుంచి 79 ఏళ్ల మధ్య వయస్కులను ఏళ్ల తరబడి గమనించిన హెల్త్ ఏబీసీ అధ్యయనంలో, కాళ్ల కండర పరిమాణం తగ్గిన వేగం కంటే వాటి బలం తగ్గిన వేగం దాదాపు మూడు రెట్లు ఎక్కువగా ఉంది. పరిమాణం అంతే ఉన్నా, పోగుల మధ్య కొవ్వు చేరి, నరాల అదుపు సడలి, కండరం నాణ్యత కోల్పోతుందని దీని అర్థం.

అదే అధ్యయనంలో మధుమేహం ఉన్నవారిని విడిగా చూసినప్పుడు, వారి మోకాళ్లను చాచే కండరాల బలం లేనివారి కంటే వేగంగా క్షీణించింది. మధుమేహం ఉన్న వృద్ధ స్త్రీలలో తొడ కండరం తరిగిన వేగం, అది లేని స్త్రీలతో పోలిస్తే రెట్టింపు. దీనికి కారణాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. ఇన్సులిన్ చక్కెరను అదుపు చేయడమే కాక మాంసకృత్తులను కూడా కాపాడే హార్మోను, కండరంలోని ప్రొటీన్లు విచ్ఛిన్నం కాకుండా ఆపుతుంది. దాని ప్రభావం తగ్గినప్పుడు ఆ ఆపుదల సడలుతుంది. అదుపు తప్పిన మధుమేహంలో గ్లూకోజు మూత్రంతో పోతుంటే శరీరం సొంత కండరాన్ని కరిగించుకుని లోటు పూడ్చుకుంటుంది. ఇళ్లల్లో షుగరు మనిషిని లాగేసిందని చెప్పుకునేది ఈ స్థితినే. కాళ్ల నరాలు దెబ్బతింటే వాటి ఆధీనంలోని పోగులు ఎండిపోతాయి. దీర్ఘకాలం సాగే మంద్రస్థాయి వాపు ప్రక్రియ, మూత్రపిండాల జబ్బు కూడా ఇదే దిశలో పనిచేస్తాయి.

శరీరధర్మం నుంచి వచ్చే ఈ కారణాలకు జీవనం నుంచి వచ్చేవి తోడవుతాయి. కాలిపుండు వల్లనో, మోకాలి నొప్పి వల్లనో, ఆసుపత్రిలో చేరడం వల్లనో మంచానికి పరిమితమైన ప్రతిసారీ కండరం కరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను కేవలం 10 రోజులు మంచంమీద ఉంచిన ఒక అమెరికన్ ప్రయోగంలో వారి కాళ్లలోని కొవ్వేతర భాగం సుమారు ఒక కిలో తగ్గింది. ఇది చాలనట్లు, మధుమేహం బయటపడగానే అన్నం తగ్గించమన్న సలహా అందుతుంది గానీ, తగ్గించిన అన్నం స్థానంలో పప్పో గుడ్డో చేపో పెంచమన్న మాట దానితోపాటు అందదు. రాత్రి భోజనాన్ని రెండు పుల్కాలకు, కాస్త కూరకు కుదించుకున్న వృద్ధురాలికి చక్కెర లెక్క బాగుపడవచ్చు, కానీ ఆ లెక్క వెనుక తొడలూ పిక్కలూ సన్నబడుతుంటాయి.

కొవ్వు ఎంత, ఎక్కడ

స్థూలకాయాన్ని అంచనా వేయడానికి ప్రపంచమంతా వాడే శరీర ద్రవ్యరాశి సూచిక, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే బీఎంఐ, 19వ శతాబ్దంలో బెల్జియం గణాంక శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ కెట్లే జనసమూహాల సగటు రూపాన్ని తెలుసుకోవడానికి చేసిన సూత్రం. ఆ పేరుతో దాన్ని 1972లో వైద్య వాడుకలోకి తెచ్చినవారు ఆన్సెల్ కీస్. ఆ సూత్రానికి కండరం, కొవ్వు, ఎముక, నీరు అన్నీ ఒక్కటే. ఈ లోపాన్ని 2004లో లాన్సెట్ పత్రిక ఒక్క ఛాయాచిత్రంతో చాటింది. పుణేలోని కేఈఎం ఆసుపత్రికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడిన ఆ చిత్రంలో ఇద్దరి బీఎంఐ 22.3, కొవ్వు శాతం మాత్రం యుడ్‌కిన్‌కు 9.1, యాజ్ఞిక్‌కు 21.2.

ఈ తేడా పెద్దయ్యాక తినే తిండితో మాత్రమే వచ్చేది కాదని యాజ్ఞిక్ బృందం పుణే పరిసర గ్రామాల్లో పుట్టిన శిశువుల కొలతలతో చూపింది. అక్కడి శిశువుల సగటు జనన బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. అంత చిన్నగా పుట్టిన పుణే శిశువుల్లో కండరమూ అవయవాలూ ఎక్కువగా కుదించుకుపోయాయి, చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు అంతే ఉంది. చూపుకు సన్నగా, లోపల కొవ్వుతో ఉండే ఈ దేహనిర్మాణం దక్షిణాసియా ప్రజల్లో మధుమేహం తక్కువ బరువుకే, తక్కువ వయసుకే రావడాన్ని చాలావరకు వివరిస్తుంది. అందుకే భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అనీ, నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదనీ భారతీయ వైద్యులు 2009లో ఏకాభిప్రాయానికి వచ్చారు.

తెలుగు నేలకు సంబంధించిన సాక్ష్యం హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి వచ్చింది. నగరం సమీపంలోని 29 గ్రామాల్లో, 1987 నుంచి 1990 దాకా, సమీకృత శిశు అభివృద్ధి పథకం అప్పటికే అందుతున్న 15 గ్రామాల గర్భిణులకూ చిన్నపిల్లలకూ మొక్కజొన్న, సోయా మిశ్రమంతో చేసిన ఉప్మా అనుపూరక ఆహారంగా అందింది. మిగిలిన 14 గ్రామాలకు ఆ పథకం ఇంకా రాలేదు. ఆనాటి పిల్లలను 13 నుంచి 18 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్షించినప్పుడు, ఆహారం అందిన గ్రామాల పిల్లలు కొద్దిగా పొడవు పెరిగారు, వారిలో ఇన్సులిన్ నిరోధకత సూచిక సుమారు 20 శాతం తక్కువగా ఉంది, ధమనుల బిరుసుతనం కూడా తక్కువగా ఉంది. ఈ ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి. తల్లి కడుపులోనూ పసితనంలోనూ దొరికిన ఆహారం పదిహేనేళ్ల తరువాతి రక్తనాళాల స్థితితో ముడిపడి ఉన్నదంటే, మధుమేహమూ గుండెజబ్బూ కేవలం నడివయసు అలవాట్ల ఫలమని చెప్పడం అసంపూర్ణమవుతుంది.

భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా జరిపిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. వయోజనుల్లో బీఎంఐ లెక్కన స్థూలకాయం ఉన్నవారు 28.6 శాతం కాగా, పొట్ట కొలత లెక్కన ఉన్నవారు 39.5 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఎడంలో, బరువుకు మామూలుగా ఉండి పొట్ట మాత్రం పెరిగినవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కండరక్షయమూ స్థూలకాయమూ ఒకే దేహంలో కలిసి ఉండే స్థితిని కండరక్షయ స్థూలకాయం అంటారు. దాన్ని గుర్తించే ప్రమాణాలపై రెండు యూరప్ సంఘాలు 2022లో ఉమ్మడి ప్రకటన చేశాయి. ఆ స్థితిని వెతకవలసిన మొదటి చోటు ఈ ఎడమే.

గుండె చెల్లించే మూల్యం

మధుమేహం గుండెజబ్బుకు దారి అన్న సంగతిని జనసమూహ స్థాయిలో స్పష్టం చేసిన తొలి అధ్యయనాల్లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలైనది ముఖ్యమైనది. గుండె వైఫల్యం, అంటే శరీరానికి చాలినంత రక్తాన్ని గుండె అందించలేని స్థితి, మధుమేహం ఉన్న పురుషుల్లో రెండు రెట్లు, స్త్రీలలో ఐదు రెట్లు ఎక్కువని ఆ అధ్యయనం 1974లో తెలిపింది. మధుమేహం ఉండి గుండెపోటు ఎన్నడూ రానివారికీ, మధుమేహం లేకుండా ఒకసారి గుండెపోటు వచ్చినవారికీ తదుపరి ముప్పు దాదాపు సమానమని ఫిన్లండ్‌లో ఏడేళ్లు సాగిన పరిశీలన 1998లో సూచించింది; మధుమేహులందరికీ ఇది ఒకే తీరుగా వర్తించదని తరువాతి అధ్యయనాలు దిద్దినా, ముప్పు పెద్దదన్న విషయం మారలేదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకు వస్తే, ఇతర ప్రాంతాల వారికి దాదాపు 59 ఏళ్లకు వచ్చింది.

పొట్టలోని కొవ్వు నుంచి వెలువడే కొవ్వు ఆమ్లాలు కాలేయానికి చేరి, రక్తంలో ట్రైగ్లిజరైడ్లను పెంచి, మేలు చేసే హెచ్‌డీఎల్‌ను తగ్గించి, ధమనుల గోడల్లోకి సులువుగా చొరబడే చిన్న ఎల్‌డీఎల్ కణాలను అధికం చేస్తాయి. ఇన్సులిన్ నిరోధకత వల్ల రక్తనాళాలు వ్యాకోచించే గుణం తగ్గి రక్తపోటు పెరుగుతుంది. ఈ లక్షణాలన్నీ ఒకే మూలం చుట్టూ గుమిగూడుతాయని జెరాల్డ్ రీవెన్ 1988లో ప్రతిపాదించిన తరువాత, కొవ్వు పాత్రకు వైద్యంలో తగిన గుర్తింపు వచ్చింది. కండరం పాత్రకు అంత గుర్తింపు రాలేదు. కండరం తరిగినప్పుడు గ్లూకోజు వినియోగం తగ్గి ఇన్సులిన్ నిరోధకత ముదురుతుంది. పనిచేసే కండరం రక్తంలోకి విడిచి వాపు ప్రక్రియను అదుపులో ఉంచే మయోకైన్లు అనే పదార్థాలు తగ్గుతాయి. ఇంట్లో మెట్లెక్కడం వంటి మామూలు పనికే బలహీనుడైన మనిషి తన శక్తిలో ఎక్కువ వాటా ఖర్చు చేయవలసి వచ్చి, గుండె వేగం, ఆయాసం పెరుగుతాయి. ఆయాసానికి భయపడి కదలిక తగ్గిస్తే కండరం ఇంకా తరుగుతుంది, పొట్ట ఇంకా పెరుగుతుంది. మధుమేహంలో నరాలు దెబ్బతిన్నవారికి గుండెపోటు నొప్పి లేకుండా రావచ్చు కనుక, కదలిక తగ్గడాన్ని వయసు ఖాతాలో వేసి ఊరుకోవడం ప్రమాదకరం.

బలానికీ గుండెకూ ఉన్న సంబంధాన్ని పెద్ద సంఖ్యలతో చూపినది ప్యూర్ అధ్యయనం. భారతదేశంతో సహా 17 దేశాల్లో సుమారు 1,40,000 మంది పిడికిలి పట్టును ఒక చిన్న పరికరంతో కొలిచి, వారిని సగటున నాలుగేళ్లు గమనించి, 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, పట్టు ప్రతి 5 కిలోలు తగ్గినకొద్దీ గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే ముప్పు 17 శాతం పెరిగింది. మరణాన్ని ముందుగా సూచించడంలో పైరక్తపోటు అంకె కంటే పిడికిలి పట్టే మెరుగ్గా పనిచేసింది. మధుమేహం బయటపడే నాటికి మామూలు బరువుతో ఉన్నవారు, అధిక బరువుతో ఉన్నవారి కంటే ఎక్కువగా మరణించినట్లు 2012లో ఐదు అమెరికన్ అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ చెప్పింది. లావుగా ఉండటం మేలన్నది దీని భావం కాదు. మామూలు బరువు అన్న మాట కింద కండరం లేని దేహాలు దాగి ఉండవచ్చునన్నది దీనికి ఇవ్వదగిన వివరణల్లో ముఖ్యమైనది.

కొలవడం

కండరాన్ని కచ్చితంగా కొలవడానికి డెక్సా అనే తక్కువ మోతాదు ఎక్స్‌రే స్కాను, విద్యుత్ నిరోధం ఆధారంగా పనిచేసే యంత్రాలు ఉన్నాయి గానీ, మండల స్థాయి వైద్యశాలలో అవి లేకపోయినంత మాత్రాన పరీక్ష ఆగనక్కరలేదు. ఆసియా నిపుణుల బృందం 2019లో ఇచ్చిన ప్రమాణాల్లో ఎక్కువ భాగానికి టేపు, గడియారం, కుర్చీ చాలు. పిక్క చుట్టుకొలత పురుషుల్లో 34, స్త్రీలలో 33 సెంటీమీటర్ల కంటే తగ్గడం, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పట్టడం, నడక వేగం సెకనుకు ఒక మీటరు కంటే తగ్గడం అనుమానించవలసిన గుర్తులు. పిడికిలి పట్టు పురుషుల్లో 28, స్త్రీలలో 18 కిలోల కంటే తక్కువైతే బలహీనత కిందికి వస్తుంది. నడుము కొలతను వీటికి జోడిస్తే, కొవ్వు పెరగడాన్నీ కండరం తరగడాన్నీ ఒకే పుటలో నమోదు చేయవచ్చు.

కొలతల విషయంలో మరొక జాగ్రత్త ఉంది, అది సుబ్బారావు కనుగొన్న పదార్థంతోనే ముడిపడింది. మధుమేహులందరికీ మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి చేసే రక్తపరీక్షలోని క్రియాటినిన్, కండరంలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌లు నిత్యం కొంత కొంత విరిగిపోగా ఏర్పడేది. కండరం తక్కువైతే క్రియాటినిన్ కూడా తక్కువే తయారవుతుంది కాబట్టి, చిక్కిన వృద్ధునిలో ఆ అంకె మామూలుగా ఉన్నా మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిని ఉండవచ్చు. అటువంటి వారికి కండరంతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్ సీ పరీక్ష సరైన అంచనా ఇస్తుంది. మందుల మోతాదు నిర్ణయించేటప్పుడు ఈ తేడా చిన్నదేమీ కాదు.

చికిత్సలో లెక్కకు రానిది

బరువు తగ్గించడం వల్ల మధుమేహానికి కలిగే మేలు తిరుగులేనిది. బ్రిటన్‌లో జరిగి 2017లో ఫలితాలు వెలువడిన డైరెక్ట్ అధ్యయనంలో, తీవ్రంగా ఆహారం తగ్గించిన బృందంలో 46 శాతం మందికి ఏడాది తరువాత మందులు లేకుండానే చక్కెర మధుమేహ స్థాయి దిగువకు వచ్చింది. 15 కిలోలు, ఆపైన తగ్గినవారిలో ఆ వాటా 86 శాతం. అయితే బరువు తగ్గడం దానంతట అదే గుండెను కాపాడుతుందా అన్న ప్రశ్నకు అమెరికాలో 5,145 మంది మధుమేహులతో సాగిన లుక్ అహెడ్ అధ్యయనం నిరాశ కలిగించే జవాబిచ్చింది. తొలి ఏడాది 8.6 శాతం బరువు తగ్గినా, సగటున దాదాపు పదేళ్లు గడిచేసరికి గుండెపోట్లలో, పక్షవాతంలో, మరణాల్లో గుర్తించదగిన తేడా రాలేదు. చక్కెర అదుపులో, కదలికలో మేలు కనిపించినా, మొదట తగ్గిన బరువులో కొంత తిరిగి రావడం, రెండు బృందాలూ గుండె మందులు బాగా వాడటం వంటి కారణాలు ఇందులో కలిసి ఉన్నాయి.

ఆహారం తగ్గించి బరువు దిగినప్పుడు పోయేది కొవ్వు ఒక్కటే కాదు. సాధారణంగా పోయిన బరువులో నాలుగో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, కొవ్వేతర భాగానిది. వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్ సూదిమందుతో, మధుమేహం లేని స్థూలకాయులకు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గినట్లు 2021లో ప్రకటించిన అధ్యయనంలో, స్కాను తీసిన కొద్దిమందిని బట్టి చూస్తే పోయిన బరువులో సుమారు 40 శాతం కొవ్వేతర భాగం. ఆ భాగమంతా కండరం కాదు, అందులో నీరూ ఇతర అవయవాల కణజాలమూ ఉంటాయి. పైగా మిగిలిన దేహంలో కొవ్వు నిష్పత్తి తగ్గింది కాబట్టి ఆ ఫలితాన్ని కేవలం నష్టంగా చూపడం న్యాయం కాదు. ఈ కుటుంబానికే చెందిన లిరాగ్లూటైడ్ మధుమేహుల్లో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాల మొత్తాన్ని 13 శాతం తగ్గించినట్లు 2016లోనూ, వేరొక వర్గపు ఎంపాగ్లిఫ్లోజిన్ గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడాన్ని 35 శాతం తగ్గించినట్లు 2015లోనూ రుజువైంది. కాబట్టి ఈ మందులకు భయపడవలసిన పని లేదు. భయపడవలసింది, మొదటినుంచే కండరం తక్కువగా ఉన్న భారతీయ వృద్ధునికి, వ్యాయామమూ మాంసకృత్తులూ చేర్చకుండా వాటిని ఇవ్వడానికి. ఇచ్చి, ఖర్చు భరించలేక మధ్యలో ఆపేయడానికి. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. అలా తిరిగి వచ్చే బరువులో కండరం కంటే కొవ్వు వాటాయే ఎక్కువగా ఉంటుందని బరువు తగ్గి మళ్లీ పెరిగిన వృద్ధ స్త్రీలపై జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి.

కండరాన్ని నిలిపే ఉపాయం మాత్రం పాతదే. స్థూలకాయులైన 160 మంది వృద్ధులపై జరిగి 2017లో వెలువడిన అమెరికన్ అధ్యయనంలో, ఆహారం తగ్గించుకుంటూ నడక వంటి వ్యాయామం ఒక్కటే చేసినవారు కొవ్వేతర భాగంలో 5 శాతం కోల్పోతే, బలవర్ధక వ్యాయామాన్ని కూడా కలిపినవారు 3 శాతమే కోల్పోయారు, శారీరక సామర్థ్యంలోనూ వారే ముందున్నారు. బలవర్ధక వ్యాయామం అంటే కండరం ఏదో ఒక బరువుకో అడ్డుకో ఎదురొడ్డి పనిచేయడం. మధుమేహుల్లో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల చక్కెర సగటును చూపే పరీక్ష, నడకతో మాత్రమేనో బరువులతో మాత్రమేనో కాక రెండూ కలిసినప్పుడే స్పష్టంగా తగ్గిందని 2010లో లూసియానా రాష్ట్రంలోని అధ్యయనం చూపింది. వయసు అడ్డం కాదనడానికి బోస్టన్‌లో దాదాపు 90 ఏళ్ల వయసున్న పదిమందిపై జరిగిన ప్రయోగం నిదర్శనం; ఎనిమిది వారాల సాధనతో వారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది.

తెలుగు పట్టణాల్లో ఉదయపు నడక మధుమేహులకు బాగానే అలవాటైంది. దానికి వారంలో రెండు మూడు రోజులు బలసాధన తోడు కావాలి. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం, గోడకు చేతులానించి దండీలు తీయడం, పట్టు దొరికేచోట సగం దాకా బస్కీలు తీయడం, రబ్బరు పట్టీలను లాగడం వంటివాటికి వ్యాయామశాల అవసరం లేదు. అయితే కంటి రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టినవారు, రక్తపోటు అదుపులో లేనివారు, ఛాతీలో నొప్పి ఉన్నవారు ముందు వైద్యుని సలహా తీసుకోవాలి. ఊపిరి బిగబట్టి బరువులెత్తడం వీరికి హానికరం. పాదాల్లో స్పర్శ తగ్గినవారు పాదరక్షలు లేకుండా వ్యాయామం చేయరాదు, ఇన్సులిన్ లేదా సల్ఫోనైల్‌యూరియా మాత్రలు వాడేవారు చక్కెర పడిపోయే సూచనలు తెలుసుకుని ఉండాలి.

ఆహారం సంగతికి వస్తే, భారతీయుల ఆహార శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచి, 12 శాతం మాత్రమే మాంసకృత్తుల నుంచి వస్తోందని ఇండియాబ్ అధ్యయనం 2025లో వెల్లడించింది. ఆరోగ్యవంతులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సిఫారసు చేయగా, వృద్ధులకు 1.0 నుంచి 1.2 గ్రాములు అవసరమని అంతర్జాతీయ నిపుణులు భావిస్తున్నారు. 60 కిలోల మనిషికి ఇది 60 నుంచి 72 గ్రాములు. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల చేపలో దాదాపు 20 గ్రాములు ఉంటాయి. పలుచని పప్పుచారు గిన్నెడు పోసుకున్నా అందులో చేరే పప్పు కొద్దిపాటిదే కాబట్టి, ముద్దపప్పు, పెసరట్టు, ఉడికించిన సెనగలు, పెరుగు, గుడ్డు వంటివి ఒక్క పూటకే కాక మూడు పూటలకూ పంచుకోవడం మేలు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఈ లెక్క వర్తించదు. వారికి మోతాదును వైద్యుడే నిర్ణయించాలి.

ముగింపు

ఇంతవరకు చర్చించిన విషయాల నుంచి కొన్ని కర్తవ్యాలు తేలుతాయి. మధుమేహ చికిత్సా పత్రంలో బరువు పక్కనే నడుము కొలత, పిక్క కొలత, కుర్చీ పరీక్షకు పట్టిన సమయం ఏడాదికి ఒకసారైనా నమోదు కావాలి. వీటిని గ్రామీణ ఆరోగ్య కేంద్రంలోని నర్సు ఐదు నిమిషాల్లో చేయగలదు. బరువు తగ్గించే మందు రాసిన ప్రతి పత్రంలో వ్యాయామమూ మాంసకృత్తుల మోతాదూ కూడా రాసి ఉండాలి. ఆసుపత్రిలో చేరిన మధుమేహ రోగిని, గుండె పరిస్థితి అనుమతించిన రోజు నుంచే లేపి నడిపించాలి. అంగన్‌వాడీలో గర్భిణికి పెట్టే గుడ్డునూ పాలనూ మధుమేహ నివారణలో భాగంగా, గుండెజబ్బు నివారణలో భాగంగా ప్రభుత్వ లెక్కల్లో చూపించాలి. 29 గ్రామాల అనుభవం అందుకు ఆధారమిస్తోంది.

బలం పెంచడం ద్వారానే మధుమేహుల్లో గుండెపోట్లు ఇంత శాతం తగ్గుతాయని నిరూపించే సుదీర్ఘమైన పెద్ద ప్రయోగం అవసరం ఉంది. పిడికిలి పట్టు ముప్పును సూచిస్తుంది గానీ, ముప్పుకు అదే కారణమని చెప్పడానికి అది చాలదు. ఆ ప్రయోగం బరువైన యూరప్ దేహాలమీదనో అమెరికన్ దేహాలమీదనో కాక, సన్నని కాళ్లూ పెరిగిన పొట్టా ఉన్న ఈ దేశపు మధుమేహులమీద జరగాలి. దానికి అవసరమైన జనసమూహమూ, దశాబ్దాల పరిశీలనా పరంపరా హైదరాబాద్ పరిసరాల్లోనే ఉన్నాయి. అది జరిగేదాకా కూడా వైద్యులు వేచి చూడనక్కరలేదు, ఎందుకంటే చక్కెర అదుపుకూ, పడిపోకుండా నడవడానికీ, ఇతరుల మీద ఆధారపడకుండా బతకడానికీ బలసాధన చేసే మేలు ఇప్పటికే రుజువైంది.